ఏకాంతవాసి పౌలు చిత్రం: నలుపులో చిత్రకారుడిది ఎంత, కాలానిది ఎంత

పాత చిత్రాలను బాగుచేసే మా వర్క్‌షాపుకు వచ్చిన రోజున ఆ చిత్రం దాదాపు పూర్తిగా నల్లగా ఉంది. 103 సెంటీమీటర్ల ఎత్తు, 78 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న కాన్వాస్ మీద, తల వంచుకుని కూర్చున్న ఒక వృద్ధుడి నుదురు, ఎడమ భుజం, జోడించిన రెండు చేతులు, వాటి ముందు రాతి మీద ఉన్న ఒక కపాలం, ఇవి మాత్రమే మామూలు గది వెలుతురులో కంటికి ఆనేవి. దక్షిణ ఇటలీకి చెందిన ఒక కుటుంబం తరతరాలుగా ఇంటి ప్రార్థన గదిలో ఉంచుకున్న చిత్రం అది. వాళ్ల పాత ఆస్తి జాబితాలో దాన్ని పునీత జెరోము చిత్రమని రాసుకున్నారు. బల్ల మీద పడుకోబెట్టిన చిత్రాన్ని చాలాసేపు చూసి, ఆ ఇంటి పెద్దావిడ నన్ను అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: "ఈ నలుపంతా కడిగితే పోతుందా?"

ఈ కేసు మొత్తం ఆ ప్రశ్నకు జవాబు వెతకడమే. ఆ నలుపు ఒక్కటి కాదు. అందులో చిత్రకారుడు కావాలని పెట్టిన చీకటి ఉంది. రంగులు మూడు వందల ఏళ్లకు పైగా ముసలివవుతూ తమంతట తాము తెచ్చుకున్న చీకటి ఉంది. మనుషులు పొగతో, వార్నిష్‌తో, మరమ్మతులతో అద్దిన చీకటి ఉంది. మూడింటిలో చివరిది మాత్రమే తీయదగినది. అయితే కంటికి మూడూ ఒకేలా కనిపిస్తాయి, తొందరపడిన దూది పుల్ల కింద మూడూ ఒకేలా కరిగిపోగలవు. అందుకే చేతికి పని చెప్పేముందు దాదాపు రెండు నెలలు పరీక్షలకే కేటాయించాను.

చిత్రం మీద సంతకం లేదు. దీన్ని ఎవరికీ ఆపాదించడం నా ఉద్దేశం కాదు. అయినా ఇది ఏ చెట్టు కొమ్మో చెప్పడం కష్టం కాదు. స్పెయిన్‌లోని హాతివాలో 1591లో పుట్టి, 1616లో నేపుల్స్‌కు వచ్చి, 1652లో చనిపోయేవరకు అక్కడే పనిచేసిన హుసేపే దె రిబేరా, ఏకాంతవాసులైన పునీతులను గీయడంలో ఒక పద్ధతి నెలకొల్పాడు. అంతకుముందు 1606లో, మళ్లీ 1609లో నేపుల్స్‌లో గడిపిన ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో చీకటిలోంచి మనుషులను వెలుగులోకి లాగే విధానాన్ని ఆ నగరానికి చూపించి వెళ్లాడు. రిబేరా దాన్ని అందుకుని, ముసలి చర్మం దగ్గర ఆగాడు. రష్యాలోని హెర్మిటాజ్ మ్యూజియంలో ఉన్న పునీత ఒనుఫ్రియస్ చిత్రం 1637 నాటిది. మాడ్రిడ్‌లోని ప్రాదో మ్యూజియంలో ఉన్న ఏకాంతవాసి పౌలు చిత్రం 1640 నాటిది. ఎముకల మీద వేలాడే చర్మం, ఎండలో కమిలిన మెడ, మురికి పట్టిన గోళ్లు, ఇవన్నీ ఆయన చేతిలో భక్తికి సాధనాలయ్యాయి. మా బల్ల మీద ఉన్న చిత్రం గీసిన వ్యక్తి ఆ పనిని దగ్గరగా చూసినవాడు, బహుశా అదే నగరంలో నేర్చుకున్నవాడు. అంతకు మించి నేను చెప్పను.

ఇలాంటి చిత్రాలకు అంత గిరాకీ ఎందుకు ఉండేదో తెలిస్తే గానీ వాటి చీకటి అర్థం కాదు. కాథలిక్ చర్చి పెద్దల ట్రెంట్ మహాసభ 1563లో పవిత్ర చిత్రాల గురించి చేసిన తీర్మానం, అవి భక్తులకు బోధ చేయాలని, పునీతుల జీవితాలను అనుసరించేలా వాళ్లను కదిలించాలని కోరింది. పశ్చాత్తాపం, మరణ ధ్యానం, ఒంటరి ప్రార్థన ఆ కాలపు కాథలిక్ భక్తిలో ప్రధాన స్థానానికి వచ్చాయి. పెద్ద బలిపీఠాల కోసం గుంపులుగా మనుషులున్న చిత్రాలు తయారవుతుండగా, ఇళ్లలోని చిన్న ప్రార్థన గదుల కోసం నడుము వరకు మాత్రమే కనిపించే ఒంటరి సన్యాసుల చిత్రాలు తయారయ్యాయి. వాటిని చూడాల్సిన వెలుతురు కొవ్వొత్తిది, చూడాల్సిన దూరం రెండు మూడు అడుగులు. చుట్టూ ఉన్న చీకటి అక్కడ అలంకారం కాదు, గుహ. చూసేవాడు కూడా అదే గుహలో మోకరిల్లి ఉన్నాడన్న భావన ఆ చీకటి వల్లే కలుగుతుంది.

ఇక ఈ వృద్ధుడు ఎవరు అన్న విషయం. జెరోము అయితే సాధారణంగా ఎర్రటి వస్త్రం, గ్రంథం, గుండె మీద కొట్టుకునే రాయి, సింహం వీటిలో ఏదో ఒకటైనా ఉంటుంది. మా చిత్రంలో నడుముకు చుట్టిన వస్త్రం ముదురు గోధుమరంగులో ఉంది. రంగుల్లోని మూలకాలను పట్టి చూపే ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ పరీక్షలో ఆ భాగంలో పాదరసం జాడ కనిపించలేదు, అంటే అక్కడ పాదరసం ఉండే ఎర్ర రంగు ఇంగిలీకం వాడలేదు. అయితే ఆ కాలంలో ఎరుపు కోసం లక్క వంటి సేంద్రియ రంగులు కూడా వాడేవారు, వాటిని ఈ పరీక్ష పట్టుకోలేదు. కాబట్టి సూక్ష్మదర్శిని కింద కూడా చూశాను. ఎర్ర రేణువులు లేవు, ఉన్నవి మట్టి రంగులే. అప్పుడు దీపాన్ని చిత్రానికి ఒక పక్కన, దాదాపు కాన్వాస్ అంత ఎత్తులో పెట్టి, ఏటవాలు వెలుతురులో వస్త్రాన్ని చూశాను. కుంచె గీతలు ఒకదాని మీదుగా ఒకటి ఐమూలగా వెళ్లి, మళ్లీ దాని కిందకి దూరి, మళ్లీ పైకి వస్తున్నాయి. ఒక్కో పట్టీ వేలు వెడల్పు. గుడ్డ మడత అలా ఉండదు. అది ఈతచాప అల్లిక. ఆంధ్రలో మా అమ్మమ్మ ఇంటి వసారాలో అలాంటి చాప మీద పడుకుని, దాని గీతలు వీపు మీద అచ్చు పడ్డవాడిని కనుక ఆ అల్లికను గుర్తుపట్టడానికి నాకు ఏ పుస్తకమూ అవసరం కాలేదు. ఈత, ఖర్జూరం ఒకే జాతి చెట్లు. ఖర్జూరపాకులు అల్లుకుని కట్టుకున్న సన్యాసి తొలి ఏకాంతవాసి పౌలు.

ఈయన అపొస్తలుడైన పౌలు కాదు, ఈజిప్టులోని తేబ ప్రాంతపు పౌలు. రోమన్ చక్రవర్తి డేసియస్ కాలంలో క్రైస్తవులపై హింస జరిగినప్పుడు ఎడారిలోకి పారిపోయి, ఒక ఖర్జూరపు చెట్టు, ఒక నీటి ఊట ఉన్న గుహలో జీవితమంతా గడిపాడని కథ. ఆ కథ రాసింది, విచిత్రంగా, జాబితాలో పేరున్న జెరోమే. ఒక కాకి రోజూ సగం రొట్టె తెచ్చేదట. వృద్ధుడైన మరో సన్యాసి అంతోని చూడవచ్చిన రోజున మాత్రం నిండు రొట్టె తెచ్చిందట. దాన్ని ఎవరు విరవాలన్న దానిపై ఇద్దరు ముసలివాళ్లూ మర్యాదగా వాదించుకుని, చివరికి చెరో పక్కా పట్టుకుని లాగారని జెరోము రాశాడు. మా చిత్రంలో కపాలానికి కుడివైపున, రాతి అంచున, అందరూ మట్టిగడ్డ అనుకున్న ఒక ముద్ద ఉంది. దాని పై అంచు మీద సీసంతో పాటు తగరం కూడా నమోదైంది. అంటే అక్కడ సీసం, తగరం కలిపి చేసిన పసుపు రంగు వాడారు. 18వ శతాబ్దం మధ్యకల్లా చిత్రకారులు వాడటం మానేసిన రంగు అది. రాతి మీది మట్టిగడ్డకు అలాంటి పసుపు మెరుపు ఎవరూ పెట్టరు. అది కాలిన రొట్టె పెచ్చు. కాకి మాత్రం చిత్రంలో లేదు, ఇన్‌ఫ్రారెడ్ కింద కూడా దొరకలేదు.

చిత్రం ఆరోగ్యం విషయానికి వస్తే, అసలు కాన్వాస్ వెనక మరో గుడ్డను పిండి, జంతు జిగురు కలిపిన జావతో అతికించి, వేడి ఇస్త్రీ పెట్టెతో నొక్కారు. ఈ పని గట్టిగానే జరిగింది. అతుకు ఎక్కడా ఊడలేదు, కనుక దాన్ని విప్పడం వల్ల కలిగే ప్రమాదమే ఎక్కువని భావించి అలాగే ఉంచాను. కానీ ఆ ఇస్త్రీ చేసిన నష్టం తిరిగి రానిది. ఈ పద్ధతి చిత్రకారులు వెలుగు పడే చోట్ల సీసపు తెలుపును ముద్దగా పెట్టి, గట్టి వెంట్రుకల కుంచెను ముడతల దిశలోనే లాగుతారు. అలా లాగినప్పుడు రంగులో ఏర్పడే సన్నటి చాళ్లే ముడతలవుతాయి. అంటే ముడతను గీయరు, దున్నుతారు. మా పౌలు భుజం మీద ఆ చాళ్లు చాలావరకు చదునైపోయాయి. నుదుటి మీద మాత్రం, బహుశా అక్కడ రంగు మరింత మందంగా ఉండటం వల్ల, ఇంకా నిలిచి ఉన్నాయి. ఏటవాలు వెలుతురులో కనుబొమ్మ పైన ఐదు చాళ్లు లెక్కపెట్టవచ్చు. వాటిలో మూడో దానిలో కుంచె నుంచి ఊడిన ఒక వెంట్రుక ఇప్పటికీ ఇరుక్కుని ఉంది. నేను దాన్ని తాకలేదు.

కింది అంచు పొడవునా, చట్రం కర్ర తగిలే చోట, రంగు నెర్రెలిచ్చి పెచ్చులు లేచి ఉంది. స్టర్జన్ చేప నుంచి తీసే జిగురును పలుచగా కాచి, సన్నటి కుంచెతో పెచ్చుల కిందికి పంపి, పలుచటి కాగితం మీదుగా గోరువెచ్చటి పనిముట్టుతో అద్ది కూర్చోబెట్టాను. శుభ్రపరిచే పనికంటే ముందు ఇది పూర్తికావాలి, లేకపోతే ఊడిన పెచ్చు దూదితో పాటే వెళ్లిపోతుంది.

ఇప్పుడు నలుపుల సంగతి.

నేపుల్స్‌లో ఆ కాలపు చిత్రకారులు ఎర్రమట్టి కలిసిన ముదురు గోధుమరంగు అడుగు పూత మీద పనిచేసేవారు. దీనివల్ల పని వేగంగా సాగేది. నీడను ప్రత్యేకంగా వేయనక్కర్లేదు, అడుగు పూతను పలుచటి పొరతో కప్పి వదిలేస్తే అదే నీడ అవుతుంది. వెలుగును మాత్రం పైన కట్టుకుంటూ రావాలి. వెలుగుకు, నీడకు మధ్య ఉండే ఛాయలను పలుచగా, అడుగు రంగు కాస్త తొంగిచూసేలా వేసేవారు. మా వృద్ధుడి బుగ్గ పల్లం, మెడ మీది నరాలు, చంక కింది పక్కటెముకలు అలా వేసినవే. చిక్కల్లా అక్కడే ఉంది. నూనెరంగు ఏళ్లు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది, సీసపు తెలుపు నూనెలోని ఆమ్లాలతో కలిసి సీసపు సబ్బులుగా మారడం దానికి ఒక కారణం. పొర పారదర్శకమైతే కింద ఉన్న ముదురు రంగు పైకి వస్తుంది. మందంగా ఉన్న వెలుగులకు ఏమీ కాదు. పలుచటి మధ్య ఛాయలు నీడలో మునిగిపోతాయి. అందుకే ఈ చిత్రాలు నేడు గీసిన నాటికంటే కఠినంగా, వెలుగు నీడలు కత్తితో కోసినట్టుగా కనిపిస్తాయి. అది ఆ కాలపు బరోక్ శైలి గొప్పదనమని మెచ్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అందులో కొంత భాగం కేవలం రసాయనం.

ఎడమ పై మూలలో గుహ ద్వారంలోంచి కనిపించే ఆకాశం రెండో రకం చీకటికి ఇంకా స్పష్టమైన ఉదాహరణ. అది బూడిదరంగులో, తడిసిన సున్నపు గోడలా ఉంది. ఇంట్లో వాళ్లు దాన్ని మబ్బు పట్టిన సాయంత్రం అనుకునేవారు. పరీక్షలో అక్కడ కోబాల్ట్, నికెల్ కనిపించాయి. అంటే అది స్మాల్ట్ అనే రంగు: కోబాల్ట్ కలిపి కరిగించిన నీలి గాజును దంచి చేసినది. నూనెలో ఉన్నప్పుడు ఆ గాజులోంచి పొటాషియం కొద్దికొద్దిగా బయటికి పోతుంది, దానితో నీలం చచ్చిపోతుంది. చట్రం అంచు కింద, సీసపు తెలుపు ఎక్కువగా కలిసిన ఒక చిన్న గీత మాత్రం ఇంకా నీలంగానే ఉంది. పౌలు గుహ బయట ఒకప్పుడు పగలు ఉండేది. దాన్ని ఏ ద్రావకమూ తిరిగి తేలేదు.

మూడో రకం, మనుషులు అద్దిన నలుపు. అతినీలలోహిత కాంతి కింద చిత్రమంతా ఆకుపచ్చటి పొగమంచు కప్పినట్టు మెరిసింది. పాతబడిన సహజ రెజిన్ వార్నిష్ లక్షణం అది. దాని మీద ముదురు మచ్చలుగా కనిపించినవి తర్వాతి చేతుల మరమ్మతులు. మెడ చుట్టూ, వేళ్ల మధ్య, అన్నిటికంటే ఎక్కువగా కపాలం మీద అవి ఉన్నాయి. కపాలం మీది తెలుపులో టైటానియం ఉంది. టైటానియం తెలుపు 1920ల ప్రాంతంలో గానీ చిత్రకారుల చేతికి రాలేదు, కనుక ఆ పూత వయసు వందేళ్లు కూడా ఉండకపోవచ్చు.

పైన పేరుకున్న మసిని ట్రైఅమోనియం సిట్రేట్ అనే లవణపు 2 శాతం ద్రావణంతో తీశాను. కొవ్వొత్తుల పొగ, వంటింటి జిడ్డు కలిసిన ఆ మసి దూది మీదకి బొగ్గులా వచ్చింది. వార్నిష్ కోసం ఐసోఆక్టేన్ అనే ద్రావకంలో ఐసోప్రొపనాల్ అనే మరో ద్రావకాన్ని 10 శాతంతో మొదలుపెట్టి, మెట్టుమెట్టుగా పెంచుకుంటూ, చిత్రం అంచుల దగ్గర చిన్న కిటికీలుగా పరీక్షించాను. 40 శాతం దగ్గర వార్నిష్ తేనెరంగులో, దూదికి ఇంకినట్టుగా, శుభ్రంగా వచ్చింది. చిత్రంలోని వెలుగులన్నిటి మీద ఇదే మిశ్రమం సురక్షితమని తేలింది.

నీడల మీద అది సురక్షితం కాదు. దీన్ని నేను తెలుసుకున్న తీరు నివేదికలో ఉన్నట్టే ఇక్కడ రాస్తాను. మెడ కింది నీడలో, గడ్డం వెంట్రుకలు చీకటిలోకి కలిసిపోయే చోట, మూడోసారి దూదిని తిప్పినప్పుడు దాని మీద తేనెరంగు స్థానంలో గోధుమరంగు వచ్చింది. దానికి తేనెలా మెరుపు లేదు, మట్టిలా బరువు ఉంది. వెంటనే ఆపేశాను. సూక్ష్మదర్శిని కింద చూస్తే నాలుగు మిల్లీమీటర్ల మేర, చిత్రకారుడు నీడను లోతు చేయడానికి చివరగా పూసిన పలుచటి పొర పైభాగం పోయింది. నా చేతుల్లో పోయింది. ఆ చోటును ఫొటో తీసి, కొలిచి, యజమానులకు చూపించాను. ఆ రోజు నుంచి నీడల్లో వార్నిష్‌ను పూర్తిగా తీయలేదు. 25 శాతం మిశ్రమంతో పలుచన మాత్రం చేశాను. ఇంకో విషయం కూడా అక్కడే అర్థమైంది. నాకు ముందు ఎవరో ఇదే మెడను చాలా గట్టిగా కడిగి ఉన్నారు. కాన్వాస్ పోగుల శిఖరాల మీద రంగు అరిగిపోయి ఎర్రటి అడుగు పూత చుక్కలు చుక్కలుగా బయటపడి ఉంది. అది కనిపించకుండా ఉండటానికే తర్వాత నల్లటి పైపూత వేశారు.

కపాలం మీది పైపూతను తీయాలని నిర్ణయించడానికి మాత్రం ఎక్కువ ఆలోచించాల్సిన అవసరం రాలేదు. అసిటోన్ జెల్‌తో మెత్తబరిచి, సూక్ష్మదర్శిని కింద స్కాల్పెల్‌తో తొలగించడానికి పదకొండు రోజులు పట్టింది. కింద ఉన్న కపాలం చెక్కుచెదరకుండా ఉంది, కానీ మసకగా ఉంది. వెలుగు దాని దవడ ఎముకను మాత్రం తాకి ఆగిపోతుంది. ఎవరో దాన్ని "బాగు చేయాలని" తెల్లగా మెరిపించి, కంటి గుంటలను నల్లగా దిద్దారు. దానితో చిత్రంలో అన్నిటికంటే ముందు కంటపడేది కపాలమే అయింది, ఆ చిత్రం భయపెట్టే చిత్రమైంది. పైపూత పోయాక వెలుగు తన క్రమానికి వచ్చింది. ముందు నుదురు, తర్వాత జోడించిన వేళ్లు, వాటి కొసల నుంచి చూపు జారితే అప్పుడు, సగం చీకటిలో, కపాలం. మనం ముందు చూసేది ఆలోచిస్తున్న మనిషిని, ఆ తర్వాత అతను దేని గురించి ఆలోచిస్తున్నాడో దాన్ని. ధ్యానాన్ని బొమ్మలో చూపించడం అంటే ఈ వరుసే అని నా నమ్మకం. బహుశా వందేళ్లు కూడా లేని ఒక తెల్లటి పూత దాన్ని తలకిందులు చేసింది.

పోయిన రంగు చోట్ల సుద్ద, జిగురు కలిపిన లప్పం నింపి, చుట్టూ ఉన్న కాన్వాస్ నేతకు సరిపోయేలా దాని మీద అచ్చు నొక్కాను. రంగు కలపడంలో, రోమ్‌లోని కేంద్ర పునరుద్ధరణ సంస్థలో చెసరే బ్రాందీ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న సన్నటి నిలువు గీతల పద్ధతి నాకు బాగా తెలిసినదే. దగ్గరికి వస్తే మరమ్మతు తెలియాలి, దూరం నుంచి చిత్రం ఒక్కటిగా ఉండాలి అన్న ఆ సూత్రంతో నాకు పూర్తి ఏకీభావం ఉంది. కానీ ఇంత చీకటి చిత్రంలో గీతలు దీపం కింద వెంట్రుకల్లా మెరుస్తాయి. అందుకని మెడ మీద, బుగ్గ పల్లంలో, సూది మొన అంత చుక్కలతో, అరిగిన పోగుల శిఖరాలను మాత్రమే తగ్గించాను. కొత్త మధ్య ఛాయను నేను సృష్టించలేదు. మిగిలి ఉన్న ఛాయ ముక్కల మధ్య అడ్డుపడుతున్న ఎర్ర చుక్కలను తప్పించాను, అంతే. దానితోనే మెడ తిరిగింది, తల భుజాల మీద నిలబడింది. వాడిన రంగులు కృత్రిమ రెజిన్‌లో కలిపినవి. రేపు ఎవరికైనా తీసేయాలనిపిస్తే, కింది నూనెరంగుకు హాని లేకుండా తేలికపాటి ద్రావకంతో తీయవచ్చు.

పని చూడటానికి వచ్చినప్పుడు పెద్దావిడ కపాలం ముందు చాలాసేపు నిలబడి, ఇది చిన్నప్పుడు తనను భయపెట్టిన కపాలం కాదంది. తర్వాత ఆకాశం గురించి అడిగింది. అది ఒకప్పుడు నీలమని తెలుసు కదా, పైన పలుచగా నీలం పూయకూడదా అని. ఆ కోరికలో తప్పేమీ లేదు, అడిగిన తీరులో ఎంతో ప్రేమ ఉంది. అయినా ఒప్పుకోలేదు. పెచ్చు ఊడిన చోట రంగు నింపడం వేరు. చిత్రకారుడి సొంత రంగు ఇంకా అక్కడే ఉండగా, అది ముసలిదైందని దాని మీద మనకు నచ్చిన నీలాన్ని కప్పడం వేరు. అలా చేస్తే కపాలం మీద తెల్ల రంగు పూసిన చేతికీ నా చేతికీ తేడా ఉండదు. దానికి బదులు, చట్రం కింద దాగిన ఆ నీలపు గీతను సూక్ష్మదర్శినిలో చూపించాను. ఆమె ఇద్దరు మనవళ్లను కూడా పిలిచి చూపించింది.

చిత్రం ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు మూడు సూచనలు రాసి ఇచ్చాను. గాలిలో తేమ 50 నుంచి 55 శాతం మధ్య నిలకడగా ఉండాలి. వెనక గోడకు, చిత్రానికి మధ్య గాలి ఆడాలి. చిత్రంలో వెలుగు ఎడమ నుంచి పడుతుంది కనుక, గదిలో కిటికీ కూడా దానికి ఎడమవైపునే ఉండేలా వేలాడదీయాలి, అయితే ఎండ నేరుగా తగలకూడదు. కొవ్వొత్తులను ఇకపై చిత్రం కింద కాక, గదికి అవతలి పక్కన పెడతామని వాళ్లే చెప్పారు.

కింది కుడి మూలలో, చట్రం అంచుకు పక్కనే, ఒక చదరపు సెంటీమీటరు మేర పాత వార్నిష్‌ను, దాని మీది మసిని ఉన్నదున్నట్టు వదిలేశాను. దాన్ని ఎక్కడ వెతకాలో తెలిపే పటం, మెడ కింద నేను పోగొట్టిన నాలుగు మిల్లీమీటర్ల చోటు ఫొటోతో పాటు, చట్రం వెనక అతికించిన కవరులో ఉంది.